10 ఆంపియర్ల రిలేకి వంద ఎల్‌ఈడీ ట్యూబులా? ఆ లెక్క తప్పు

బెంగళూరులోని తెలుగు ఎలక్ట్రీషియన్ల మధ్య ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది: "10 ఆంపియర్ల రిలే 230 వోల్టుల దగ్గర 2,300 వాట్లు మోస్తుంది. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు వంద వేసినా భయం లేదు. కాంటాక్టులు అతుక్కుంటే 30 ఆంపియర్ల రిలే వేసి స్నబ్బర్ పెట్టండి. ఎంసీబీ ఎలాగూ కాపాడుతుంది." రిలే అంటే చిన్న కరెంటుతో కాయిల్‌ని నడిపి పెద్ద లోడుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్; అందులో కలిసి విడిపోయే లోహపు ముక్కలే కాంటాక్టులు. స్నబ్బర్ అంటే ఆర్క్‌ని తగ్గించే రెసిస్టర్, కెపాసిటర్ జోడీ. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే పడిపోయే బ్రేకర్. మెసేజ్ నమ్మి, నగరంలోని ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్డులో కొన్న నీలం రిలే బోర్డుకే అపార్ట్‌మెంట్ పార్కింగ్ లైట్లన్నీ తగిలిస్తున్నారు. ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు.

మొదట ఆ 2,300 వాట్ల సంగతి. రిలే మీద అచ్చేసిన 10 ఆంపియర్లు హీటర్ లాంటి రెసిస్టివ్ లోడుకి. ఎల్‌ఈడీ డ్రైవర్‌లో ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ వెనకాల, ఛార్జి నిల్వచేసే కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది. వోల్టేజ్ వేవ్ శిఖరం మీద, అంటే 325 వోల్టుల దగ్గర కాంటాక్టు మూసుకుంటే ఆ క్షణానికి అది దాదాపు షార్టే. ట్యూబుకి 10 మైక్రోఫారడ్ల చొప్పున 20 ట్యూబులకి 200 మైక్రోఫారడ్లు. వైర్లు, డ్రైవర్లు కలిపి దారిలో 2 ఓములే ఉంటే మొదటి పోటు (ఇన్‌రష్, అంటే ఆన్ చేసిన క్షణంలో ఎగదన్నే కరెంటు) 160 ఆంపియర్ల దాకా వెళ్తుంది. వెలుగుతున్నప్పుడు అవే ట్యూబులు తీసుకునేది రెండు మూడు ఆంపియర్లే, అందుకే క్లాంప్ మీటర్ పెట్టినవాళ్లు మోసపోతారు. పైగా కాంటాక్టు ఒక్కసారిగా మూసుకోదు, ఒకటి రెండు మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగురులో పుట్టే ఆర్క్‌కి వెండి కరుగుతుంది, కరిగినచోటే మళ్లీ నొక్కుకుని వెల్డ్ అవుతుంది.

30 ఆంపియర్ల రిలే? ఆ 30 కూడా రెసిస్టివ్ అంకే. డేటాషీట్‌లో చూడాల్సింది ఇన్‌రష్ రేటింగ్. టీవీ-5 అనే ఇన్‌రష్ గ్రేడు ఉంటే 78 ఆంపియర్ల పీక్, టీవీ-8 అయితే 117. కాంటాక్టు సిల్వర్ టిన్ ఆక్సైడ్‌ది కావాలి. టంగ్‌స్టన్ ముందు కాంటాక్టు ఉన్న రిలేలు ఇంకా మేలు: టంగ్‌స్టన్ ముందు తాకి పోటును భరిస్తుంది, ఆ తర్వాతే వెండి కలుస్తుంది. వీటిలో 20 మిల్లీసెకన్ల పాటు 165 ఆంపియర్లు తట్టుకునేవి ఉన్నాయి. ఎక్కువ లైట్లుంటే రిలేతో కాంటాక్టర్ (పెద్ద లోడులకి చేసిన పెద్ద రిలే) కాయిల్‌ని మాత్రమే నడపండి, లోడు కాంటాక్టర్ మీద వేయండి.

స్నబ్బర్ పని కాంటాక్టు తెరుచుకునేటప్పుడు, అదీ మోటారు, కాయిల్ లాంటి లోడులకి. మూసుకునేటప్పటి పోటును అది ఆపదు. కాంటాక్టుకి అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ పెడితే ఆఫ్‌లోనూ 7 మిల్లీఆంపియర్లు కారి ట్యూబులు మసగ్గా వెలుగుతుంటాయి. కాంటాక్టర్ కాయిల్ మీద పెడితే మాత్రం చక్కగా పనికొస్తుంది.

ఎంసీబీ కాపాడేది వైరుని. 10 ఆంపియర్ల సి-కర్వ్ (ఎంత పోటుకి ట్రిప్ అవ్వాలో చెప్పే రకం) ఎంసీబీ 50 నుంచి 100 ఆంపియర్ల మధ్య తక్షణం ట్రిప్ అవ్వాలి, కానీ మిల్లీసెకను కూడా నిలవని పోటును చాలాసార్లు పట్టించుకోదు. ట్రిప్ అయినా అప్పటికే వెల్డ్ అయిపోయి ఉంటుంది.

ఉన్న బోర్డునే వాడాలంటే లైట్లను చిన్న గుంపులుగా విడగొట్టి, రిలేకి రిలేకి మధ్య 200 మిల్లీసెకన్ల ఆలస్యం ప్రోగ్రామ్‌లో పెట్టండి. ఒక్కో గుంపుకీ వరుసలో 10డి-9 ఎన్‌టీసీ (వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గే రెసిస్టర్) వేస్తే చల్లగా ఉన్నప్పుడు 10 ఓములు, పోటు 32 ఆంపియర్లు దాటదు. గుంపు మొత్తం కరెంటు 2 ఆంపియర్ల లోపే ఉండాలి. ఎన్‌టీసీ బాగా వేడెక్కుతుంది, పీవీసీ వైరుకి తగలనివ్వకండి. దీనికో లోపం ఉంది. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారే పది సెకన్లలో అది చల్లారదు, రెండో పోటుకి అడ్డే ఉండదు. అందుకని కరెంటు తిరిగొచ్చాక నిమిషం ఆగి రిలే ఆన్ అయ్యేలా పెట్టాలి.

రిలే టక్‌మన్నా లైటు ఆరకపోతే సప్లై తీసేసి, లోడు వైరు విప్పి, కాయిల్‌కి కరెంటు లేకుండా కామన్‌కీ ఎన్‌ఓకీ (మామూలుగా తెరిచి ఉండే టెర్మినల్) మధ్య మల్టీమీటర్ పెట్టండి. బీప్ వస్తే వెల్డ్ అయినట్టే. స్క్రూడ్రైవర్‌తో తట్టి విడదీసినా ఆ కాంటాక్టు గరుకుదేలి ఉంటుంది, ఇంకా తక్కువ పోటుకే మళ్లీ అతుక్కుంటుంది. రిలే మార్చేయండి.