లెక్క ఎవరు తేల్చారో కూడా చెప్పాలి

బడుల్లో వాతావరణ మార్పు అంటే ఇప్పటికీ ఒక డ్రాయింగ్ పోటీ. కరిగిపోతున్న భూగోళం, పక్కన దిగులుగా ధ్రువపు ఎలుగుబంటి, కింద ఓ నినాదం, గెలిచినవాళ్లకి ఒక మొక్క. భూమి వేడెక్కుతోందని పిల్లలందరికీ తెలుసు. ఆ సంగతి ఎలా తెలిసిందని అడిగితే మాత్రం పిల్లలే కాదు, టీచర్లూ తడబడతారు. తప్పు వాళ్లది కాదు. పుస్తకంలో జవాబు ఉంది గానీ, దాన్ని రాబట్టిన మనుషులు లేరు.

1965లో అంటార్కిటికాలో ఉన్న ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ లోరియస్, లోతు నుంచి తవ్వి తీసిన మంచుముక్కల్ని ఓ సాయంత్రం విస్కీలో వేసుకున్నాడు (బళ్లో చెప్పేటప్పుడు షర్బత్ అనుకోవచ్చు). మంచు కరుగుతుంటే బుడగలు పైకొచ్చాయి. మంచు మీద మంచు పడి గట్టిపడినప్పుడు మధ్యలో చిక్కుకుపోయిన గాలి అది, అంటే ఏనాటి గాలో అలాగే దాగి ఉందన్నమాట, దాన్ని కొలవొచ్చు కదా అని ఆయనకు తట్టింది.

తట్టడం తేలికే, కొలవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1983లో మైనస్ 89.2 డిగ్రీలు నమోదైన, అంటార్కిటికాలోని వొస్తోక్ పరిశోధన కేంద్రంలో సోవియట్ వాళ్లు తవ్విన మంచును, అమెరికా విమానంలో వెళ్లి ఫ్రెంచి వాళ్లు తెచ్చుకున్నారు, అదీ ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో. ఆ తర్వాత అంటార్కిటికాలోనే డోమ్ సి అనే చోట తవ్విన మంచు 8 లక్షల ఏళ్ల చరిత్ర చెప్పింది. అంత కాలంలోనూ కార్బన్ డయాక్సైడ్ గాలిలో పది లక్షల వంతుల్లో 300 దాటలేదు. ఇప్పుడు 420 దాటింది. ‘వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది కదా’ అని వాట్సాప్‌లో వాదించే మావయ్యలకు చెప్పాల్సింది ఇదే: నిజమే, ఎంత మారిందో లెక్కగట్టి చెప్పింది కూడా ఈ మంచు తవ్వినవాళ్లే.

1893లో నార్వే సాహసి నాన్సెన్ తన ఓడ ఫ్రామ్‌ను కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించి, మూడేళ్లపాటు అది ఎటు లాక్కెళితే అటు వెళ్లనిచ్చాడు. 2019లో జర్మనీ ఓడ పోలార్‌స్టెర్న్ అదే పని చేయబోతే, ఓడను కట్టేయడానికి సరిపడా మందం ఉన్న మంచుపలకను వెతుక్కోవడమే కష్టమైంది, మంచు అంతగా పల్చబడింది.

ఇదేదో విదేశీయుల వ్యవహారం అనుకోనక్కర్లేదు. మన దేశం నుంచి మొదటి బృందం 1981లోనే గోవా నుంచి అంటార్కిటికాకు బయల్దేరింది. ఇప్పుడు అక్కడి మన మైత్రి, భారతి కేంద్రాల్లో శాస్త్రవేత్తలతో పాటు డాక్టర్లు, వంటవాళ్లు, మెకానిక్కులు కూడా శీతాకాలమంతా ఉంటున్నారు. సముద్రాన్ని రోజూ గమనించేవాళ్లు హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లోనే ఉన్నారు. వీళ్లలో ఒక్కరినైనా ఏడాదికోసారి, కనీసం వీడియో కాల్‌లోనైనా, ప్రతి ఉన్నత పాఠశాల పిల్లల ముందు కూర్చోబెట్టాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను మేం అడుగుతున్నాం. దీనికి పెద్దగా ఖర్చు కూడా కాదు. అక్కడ స్నానం ఎలా చేస్తారన్నదే పిల్లల మొదటి ప్రశ్న అవుతుంది, కానివ్వండి, కొలిచే సంగతి రెండో ప్రశ్నకో మూడో ప్రశ్నకో వస్తుంది.