మహారాజశ్రీ చౌడు నేల గారి సముఖానికి

అయ్యా,

పాసుపుస్తకంలో నా పేరుంది. కానీ ఆ చేలో ఏం మొలవాలో, ఏం మాడాలో తేల్చేది తమరేనని మా ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అందుకే ఆఫీసులో ఇవ్వాల్సిన అర్జీని నేరుగా తమరికే రాసుకుంటున్నాను. ఆఫీసర్లయితే బదిలీ అయిపోతారు. తమరికి ఆ భయం లేదు.

మా అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు తమరిని మొదటిసారి చూసినవాళ్లు తప్పకుండా మోసపోతారు. పైకి ఎర్రగా, గరుసుగా, వాన పడితే చుక్క నిలవని మెట్ట చేనులా కనిపిస్తారు. "మంచి నేల, చీనీ పెట్టుకో" అని బత్తాయి తోటకి చుట్టాలు సలహా ఇచ్చి, కాఫీ తాగి వెళ్లిపోతారు. జానెడు తవ్వితే అసలు సంగతి బయటపడుతుంది. రాళ్ల మధ్య సందుల్లో బంకమట్టి, దాని కింద తెల్లటి సున్నపు గడ్డలు. బాత్‌రూం కడిగే యాసిడ్ ఒక్క చుక్క వేస్తే బుసబుసమని పొంగుతారు. దున్నడానికి వచ్చే ట్రాక్టరాయన తమరి పేరు వినగానే గంటకు రేటు పెంచుతాడు. కల్టివేటరు పళ్లు అరిగేది ఆయనవి కాబట్టి తప్పు పట్టలేను.

తమరి గుణగణాలు తెలుసుకోవాలని భూసార పరీక్ష కూడా చేయించాం. వి ఆకారంలో అరడుగు లోతు గుంటలు తీసి, అక్కడా ఇక్కడా మట్టి తెచ్చి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారేసి, మళ్లీ కలిపి, చివరికి అరకిలో మిగిలేదాకా అదే పని. పెళ్లిచూపులకు కూడా మా ఇంట్లో ఇంత తతంగం జరగలేదు. 2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రధాని మొదలుపెట్టిన భూసార కార్డుల పథకం కింద కార్డు వచ్చింది. ఎడారి పక్కన మొదలుపెట్టారంటే తమరి జాతిని దృష్టిలో పెట్టుకునే ఉంటారు. అందులో 12 అంశాలున్నాయి. తమరు పాసైనవి వెతుక్కోవాలి.

ఉదజని సూచిక, అదే పీహెచ్, 9 దాటిందని రాశారు. ఈ కొలతను 1909లో కోపెన్‌హేగన్‌లో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేసే సోరెన్సన్ అనే శాస్త్రవేత్త తయారుచేశాడట. మందు ముట్టని నాకు కూడా ఆ అంకె చూస్తే తల తిరిగింది. "ఉండాల్సింది 7, ఉన్నది 9, రెండే కదా తేడా" అని మా బావమరిది తేలిగ్గా తీసేశాడు. ఆ లెక్కలో ఒక్కో అంకెకీ పదింతలు. రెండంకెలంటే వంద రెట్లు. వట్టి సున్నమే అయితే తమరు 8.5 లోపే ఆగేవారు. తమరిని ఆ గీత దాటించింది సోడియం.

తమరి తమ్ముడు పాల చౌడు చాలా నయం. చేను మీద తెల్లగా పేరుకుని దాపరికం లేకుండా కనిపిస్తాడు. మంచినీళ్లు నిలగట్టి నాలుగుసార్లు కడిగితే దిగిపోతాడు. తమరేమో కారు చౌడు. వట్టి నీళ్లతో కడగబోతే ఇంకా బిగుసుకుంటారు. సోడియం పట్టిన బంకమట్టి నీరు తగలగానే విడివిడిగా చెదిరి, ఉన్న సందులన్నీ పూడ్చేస్తుంది. గరుసు నేలకు నీళ్లు ఇంకడమే గొప్ప అంటారు. తమరి దగ్గర రాళ్ల వల్ల వచ్చే నష్టం మాత్రం పూర్తిగా ఉంది, లాభం మట్టి మింగేసింది. తడిస్తే జిగట, ఆరితే బండ. ఈ రెండింటి నడుమ దున్నడానికి పదును ఒక పూట ఉంటుంది. ఆ పూటకి ఎద్దులు దొరికితే కూలీ దొరకడు, కూలీ దొరికితే ఆయన మేనకోడలి పెళ్లి. శెనక్కాయ మొలక పైకి వచ్చేసరికి తమరు పైన పెచ్చు కట్టేసి ఉంటారు. మొలక లోపలే వంగి, వంగి, చచ్చిపోతుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పైన పరుచుకున్న రాళ్లు అంత చెడ్డవి కావు. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టకుండా, ఎండకు తేమ తొందరగా ఎగిరిపోకుండా కొంత కాపలా కాస్తాయి. పక్క చేను పెద్దాయన చేను అందంగా ఉండాలని రాళ్లన్నీ ఏరించి గట్టు కట్టించాడు. గట్టు బ్రహ్మాండంగా ఉంది.

ఇక తమరి తిండి గురించి. డీఏపీ ఎరువు వేస్తే అందులోని భాస్వరాన్ని సున్నంతో కలిపి, వేరుకు అందని రూపంలోకి మార్చి లోపల దాచుకుంటారు. యూరియా పైన చల్లితే అమ్మోనియాగా గాలిలోకి వదిలేస్తారు. ఇనుము సంగతైతే మరీ అన్యాయం. తమరి రంగే ఎర్రన, ఆ ఎరుపే ఇనుము. అంత పెట్టుకుని కూడా శెనక్కాయ లేతాకులు పాలిపోయి పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. చీనీ చెట్టుదీ అదే గతి, పైగా దానికి జింకు కూడా అందనివ్వరు. మంజూరైన డబ్బు ఖజానాలో ఉండగా లబ్ధిదారుడు కౌంటరు ముందు ఎండిపోయినట్టు ఉంటుంది తమరి దగ్గర పంట. చివరికి మేం తమరిని దాటి పని చేసుకోవడం నేర్చుకున్నాం. లీటరు నీటికి ఇనుముండే అన్నభేది 5 గ్రాములు, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి నేరుగా ఆకు మీద కొడుతున్నాం. తమరి చేతికిస్తే చేరదని తెలిశాక ఇంకేం చేస్తాం?

అసలు తమరు ఇంతవారు ఎలా అయ్యారో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఊళ్లో అందరూ "నేల ఖర్మ" అని చేతులు దులుపుకుంటున్నారు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. రాళ్లు అరిగి పుట్టిన ఉప్పులను కిందికి కడిగి తీసుకుపోవడానికి అది చాలదు. అయినా మా తాతల నాడు తమరు పల్లంలో ఎక్కడో ఒక మూల, గొర్రెలు నాకే జాగాలో ఒద్దికగా ఉండేవారట. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయింది. ఆ తర్వాత దాని ఎగువ కాలువ, మేం హెచ్చెల్సీ అనేది, దాని నీళ్లు ఇటు వచ్చాయి. ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది, కొట్టాల్సిందే. నీళ్లు రావడానికి కాలువ తవ్వారు, పిల్లకాలువలు తవ్వారు, తూములు పెట్టారు. వచ్చిన నీళ్లు పోవడానికి మురుగు కాలువ సంగతి మాత్రం ప్రతి ఎన్నికల్లో ఒకసారి గుర్తొస్తుంది. మెట్ట మీద వరి నాటి నీళ్లు నిలగట్టిన చోట భూగర్భ జలం పైకొచ్చింది. ఎండ ఆ నీళ్లను పీల్చుకుంది, ఉప్పును మాత్రం తమరికి వదిలేసింది. ఇంత ఆస్తి ఇంత తక్కువ కాలంలో సంపాదించినవాళ్లను రాజకీయాల్లో తప్ప నేను చూడలేదు.

కాలువ చివరి చేలకు నీళ్లందక బోర్లు వేశాం. బోరు నీళ్లలో సోడా. ఆ నీళ్లలోని బైకార్బనేటు తమరిలో మిగిలిన కాల్షియాన్ని పట్టి సున్నంగా గడ్డ కట్టిస్తుంది, సోడియం రాజ్యం ఏలుతుంది. సరే, పొదుపుగా పెడదామని డ్రిప్ వేశాం. చెట్టు చుట్టూ తడి ఎంతవరకు పాకుతుందో అంతవరకు తెల్లగా ఉప్పు గీత. తమరు మా చీనీ చెట్లకి ముగ్గులు పెడుతున్నారని మా ఇంటావిడ అంది. నవ్వు రాలేదు.

తమరికి మంచి రోజులు లేకపోలేదు. మా అవ్వ వాళ్ల మట్టి మిద్దె మీద పరిచింది తమరినే. దూలాలు, దంతెలు, వాటి మీద ఆకూ అలమూ, ఆ పైన చౌటి మన్ను. ఏటా వానలకు ముందు ఒక పొర కొత్తగా వేసేవాళ్లు. తొలి వానకు మట్టి చెదిరి సందులన్నీ మూసుకునేది, ఆ తర్వాత మిద్దె కారేది కాదు. శెనక్కాయ మొలకను చంపే గుణమే అక్కడ ఇంటిని కాపాడింది. మిద్దె మీద వేస్తే చుక్క కారనివ్వరు, చేలో ఉంటే చుక్క దిగనివ్వరు. చాకిరేవులో సోడా, సబ్బు లేని రోజుల్లో మురికి వదిలించింది తమరే. ఉప్పర్లు తమరి మన్ను నుంచే ఉప్పు తీసి బతికారు. ఉప్పు మీద పన్ను కోసం తెల్లదొరలు ఆ పని ఆపించారు. ఇప్పుడు మిద్దెల మీద సిమెంటు స్లాబులు, ఇళ్లలో వాషింగ్ మెషీన్లు. తమరికి ఉద్యోగాలన్నీ పోయాయి. పనిలేక మా చేలల్లో స్థిరపడ్డారని అర్థం చేసుకోగలను.

తమరిని వెళ్లగొట్టే మందులు అమ్మేవాళ్లకు మాత్రం తమరి వల్ల కొత్త ఉద్యోగాలు వచ్చాయి. ఒకాయన నున్నటి సీసా తెచ్చాడు. లీటరు కలిపి డ్రిప్‌లో వదిలితే ఎకరం చౌడు "మటుమాయం" అన్నాడు. తమరు ఎకరానికి టన్నుల్లో జిప్సం అడిగే మనిషి, సారీ, నేల. లీటరు సీసాకి ఎక్కడ లొంగుతారు? శెనక్కాయ ఊడలు దిగే వేళకి ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాం చూడండి, అది గింజ నిండడానికి. దానితో తమరికి సమాధానం అవుతుందనుకునేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. అలాంటివాళ్లంటే దుకాణాలవాళ్లందరికీ ఇష్టం.

జిప్సం పని మాత్రం నాకు నచ్చింది. దానిలోని కాల్షియం వెళ్లి మట్టి రేణువుల మీద కూర్చున్న సోడియాన్ని కుర్చీలోంచి లేపుతుంది. లేచిన సోడియం సల్ఫేటుగా మారి నీళ్లలో కరుగుతుంది. చేను చదును చేసి, చిన్న మడులు కట్టి, జిప్సాన్ని పైపైన మట్టిలో కలిపి, మంచినీళ్లు నిలగట్టి ఆ నీళ్లతో దాన్ని బయటికి పంపాలి. తర్వాత పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నాలి. ఇంతా చేశాక మొదటి పంట వరి. ఇదంతా పుస్తకంలో ఒక పేజీ. ఆ పేజీలో "బయటికి పంపాలి" అన్న చోట మా ఊరు ఆగిపోయింది.

ఈలోగా తమరి రాజ్యంలో ఎరువూ నీళ్లూ అడగకుండా పచ్చగా ఉన్నది సర్కారు తుమ్మ ఒక్కటే. పేరులో సర్కారు ఉన్నవాటిలో మా చేనుకి చేరిన లబ్ధి అదే.

విషయానికి వస్తాను. నా చేను నుంచి వంక దాకా మురుగు కాలువ తీయాలంటే మూడు చేలు దాటాలి. మొదటాయన సరే అన్నాడు, ఆయన చేను కూడా చౌడే. రెండో ఆయన బెంగళూరులో ఉంటాడు, ఫోను ఎత్తడు. మూడో ఆయన "నీ చౌడు నీళ్లు నా చేలోకి ఎందుకు?" అంటున్నాడు. కాలువ లోతుగా తీస్తే నీళ్లు ఆయన చేలో నిలవవని, ఆయన చేను మురుగు కూడా అందులోనే పోతుందని పెద్దమనుషులతో చెప్పించాం. ఆలోచిస్తానన్నాడు. జేసీబీ ఆయన వేసవి దాటితే ఖాళీ లేదన్నాడు. కనీసం మూడో ఆయన ఆలోచించడం పూర్తయ్యేదాకా తమరు నా కింది కయ్యలోకి రాకుండా ఉండగలరా? అందులో పోయినేడు కొత్తగా దానిమ్మ పెట్టాను. అది తమరిని కొంచెం ఓర్చుకుంటుందని విన్నాను, కానీ ఇప్పుడే పరీక్ష పెట్టకండి.

ఇట్లు,
హెచ్చెల్సీ కింద ఒక చివరి ఆయకట్టు రైతు