చెక్‌డ్యామ్ కట్టే ముందు వంకను చూడండి

2021 నవంబరులో తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టు కోసుకుపోయి, ఇళ్లు ఏట్లోకి ఒరిగాయి. అదే నెలలో రాయలచెరువు కట్టకు లీకేజీ వస్తే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఏడాదిలో చాలా నెలలు ఇసుక తప్ప ఏమీ కనిపించని ఏరు స్వర్ణముఖి. వానకు వరద, ఎండకు ట్యాంకర్. రెండింటికీ మూలం ఒకటే: పడిన వానను కాసేపైనా పట్టి ఉంచే శక్తి పైనున్న నేలకు తగ్గిపోయింది.

మనం మాత్రం ముందు చెక్‌డ్యామ్ కడతాం. ఫొటోకు కనిపిస్తుంది, లెక్కకు వస్తుంది. వాటర్‌షెడ్ పనులు, అంటే వాన నీళ్లను పడిన చోటే పట్టి ఉంచే పనులు, గుట్ట మీద మొదలై పల్లానికి దిగాలన్నది ఎప్పటినుంచో ఉన్న సూత్రమే. పైన గుట్ట బోడిగా ఉంటే కింద కట్టిన చెక్‌డ్యామ్ నీళ్లకు బదులు మట్టితో నిండుతుంది.

నేల ఆరోగ్యం తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అడుగు లేని డబ్బాను నాలుగు వేళ్ల లోతు మట్టిలోకి దిగ్గొట్టి, చెంబుడు నీళ్లు పోసి గడియారం చూడండి. ఆకులు రాలిన చెట్టు కింద నీళ్లు ఇంకుతూ పోతాయి. పశువులు తొక్కి గట్టిపడిన బీడులో అలాగే నిలబడి, ఎండకు వేడెక్కుతాయి. వాన వెలిశాక వంక ఎన్ని రోజులు పారింది, నీళ్లు ఎన్నాళ్లు ఎర్రగా వచ్చాయి, వానకు ముందూ తర్వాతా బావి మట్టం ఎంత? ఒక్క ఏడాది రాసిపెడితే ఏ వంకకు ఏ పని కావాలో తేలుతుంది. ఒకచోట కందకాలు, ఒకచోట పూడికతీత. ఇంకోచోట కంప కొట్టి, చెరువుకు నీళ్లు తెచ్చే సప్లై ఛానల్ తెరిస్తే చాలు, కొత్త కట్టడమే అవసరం లేదు.

బాగా చెడిన చోటికే ముందు పరుగెత్తాలన్న వాదన నాకు సరైనదనిపించదు. ఇంకా బతికున్న వంకలను ముందు కాపాడాలి. చెడనివ్వకుండా చూసుకోవడానికయ్యే ఖర్చు చాలా తక్కువ. శేషాచలం అడవి నుంచి దిగే వాగులు అలాంటివే. ఊళ్లోకి వచ్చాకే వాటికి దారి ఉండదు. తుమ్మలగుంట, కొర్లగుంట, తాతయ్యగుంట... తిరుపతిలో పేరు పేరులోనూ గుంట ఉంది. ఆ గుంటలకు నీళ్లు ఏ దారిన వచ్చేవో పాత సర్వే మ్యాపులు తీసి చూడాలి. ఆ దారుల్లో మిగిలినవాటికి ఇప్పుడే హద్దురాళ్లు పాతాలి.

కొత్త పనులు మంజూరయ్యే ముందు, ఆ వంక ఏడాది లెక్కలను పంచాయతీ గోడకు అంటించాలి. వంక ఎప్పుడు ఎండిందో గొర్రెల కాపరికి తెలుసు, బావి ఎప్పుడు అడుగంటిందో రైతుకు తెలుసు. అంకె తప్పయితే అక్కడే నిలబెట్టి అడుగుతారు.