సపెరవి పక్కన చిల్లీ చికెన్ పెట్టకండి బాబూ

తిట్టుకుంటే తిట్టుకోండి గానీ చెప్పేస్తున్నా. మా మేనల్లుడు జార్జియా దేశంలో మెడిసిన్ చదువుతున్నాడు, మొన్న సెలవులకి వస్తూ రెండు సీసాలు సపెరవి తెచ్చాడు, అదే పేరున్న ద్రాక్షతో అక్కడ చేసే రెడ్ వైన్. ఆదివారం స్నేహితులొచ్చారు, వస్తూ వస్తూ చిల్లీ చికెన్, కోడి వేపుడు పట్టుకొచ్చారు. ఒకాయన మొదటి గుక్కకే మొహం ముడుచుకుని "ఇదేం వైన్‌రా, జామపిందె నమిలినట్టుంది, కాస్త స్ప్రైట్ పొయ్యి" అన్నాడు. ఆగలేదు, తనే పోసుకున్నాడు!

తప్పు వైన్‌ది కాదు, పక్కనున్న ప్లేటుది. నోరు పట్టేసే ఆ గుణాన్ని టానిన్ అంటారు, ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వస్తుంది. దానికి మనకి చక్కటి మాటే ఉంది కదా, వగరు. ఉగాది పచ్చడిలో మామిడిపిందె వగరుని లొట్టలేసుకుని తినేవాళ్ళం, గ్లాసులో కనిపిస్తే మాత్రం పాడైపోయిందంటాం. ఆ వగరు మీద మిరపకారం పడిందంటే రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి, ఆల్కహాల్ కూడా మంటలాగే తగులుతుంది. ఇంక పండు రుచి ఎక్కడ తెలుస్తుంది? అదే కొవ్వున్న మాంసం పడితే వగరు మెత్తబడి నల్ల చెర్రీ, ఆల్‌బుఖారా, వెనకాల కొంచెం పొగ వాసన, ఒక్కొక్కటే బయటికొస్తాయి.

పోయినేడు అక్టోబరులో మేనల్లుణ్ణి చూడ్డానికి జార్జియా వెళ్ళినప్పుడు అక్కడి కఖేతి ప్రాంతం తిరిగొచ్చాం. సిగ్నాగి ఊరు కొండమీద, కింద అలజాని లోయ, ద్రాక్ష కోతల రోజులు. సపెరవి అంటేనే వాళ్ళ భాషలో రంగు పట్టించేది అని అర్థం. మామూలుగా నల్ల ద్రాక్ష చిదిమితే లోపల గుజ్జు తెల్లగా ఉంటుంది, దీని గుజ్జు కూడా ఎరుపే, నా చొక్కా సాక్షి. అక్కడి పెద్దవాళ్ళు దీన్ని నల్ల వైన్ అనే అంటారు, గ్లాసులో చూస్తే ఒప్పుకోవాల్సిందే. మెడదాకా భూమిలో పాతిపెట్టిన పెద్ద మట్టి బానల్లో, వాటిని క్వెవ్రి అంటారు, పులియబెట్టే పద్ధతి ఇంకా ఉంది. 2013లో యునెస్కో ఆ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది. అలాగని ప్రతి సపెరవీ బానలోదే కాదు, స్టీలు ట్యాంకులవీ ఓక్ పీపాలవీ బోలెడు.

తిండి సంగతికొస్తాను. ఎండిన ద్రాక్ష కొమ్మలు మంటపెట్టి, ఆ నిప్పుల మీద పంది మాంసం ముక్కలు చువ్వలకి గుచ్చి కాలుస్తారు. మ్‌ట్స్‌వాది అంటారు, ఆ పేరు పలకడానికి నాకు రెండు రోజులు పట్టింది. పైన పచ్చి ఉల్లిపాయ, పక్కన ట్కెమలి అనే పుల్లటి ప్లమ్ పచ్చడి. సపెరవికే పులుపెక్కువ కాబట్టి ఆ పచ్చడి ముందు తేలిపోదు. ఇంకోటి వంకాయ ముక్కలు వేయించి, వాల్‌నట్, వెల్లుల్లి ముద్ద పూసి చుట్టి, దానిమ్మ గింజలు చల్లుతారు. గుత్తివంకాయ తిని పెరిగినవాణ్ణి, నాకే అసూయ వేసింది. ఖింకలి అనే మాంసం కుడుములకి మాత్రం వాళ్ళు బీరే తాగుతారు, అక్కడ వైన్ అడిగి నేను అభాసుపాలయ్యాను.

తియ్యగా కావాలంటే కింజ్మరౌలి ఉంది, అదీ సపెరవి ద్రాక్షతోనే చేస్తారు. తాగండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ అది తాగి జార్జియా వైన్ మొత్తం తియ్యగానే ఉంటుందని తీర్పులు చెప్పకండి. అదే ద్రాక్షతో తీపి లేకుండా చేసే ముకుజాని తాగి చూసి అప్పుడు మాట్లాడండి.

ఇంకో పైత్యం, రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలట. ఏ రూమ్ అండీ? మే నెలలో హైదరాబాద్ రూమా? 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి, అరగంట ఫ్రిజ్‌లో పెడితే కొంపేం మునగదు.

మన వంటల్లో ఏదీ నప్పదా అంటే, ఒకటి నప్పింది. కారం సగానికి తగ్గించి గోంగూర మటన్ చేశాం, ఆ పులుపు, మాంసం కొవ్వు, ఈ వగరు, మా ఆవిడ కూడా రెండోసారి గ్లాసు చాపింది. అది సోమవారం, ముందురోజు సీసాలో మిగిలిన కాస్తతో. రెండో సీసా మూత ఇంకా తియ్యలేదు. ఆ స్ప్రైట్ పోసుకున్నాయన ఈ పోస్ట్ చదువుతాడని తెలుసు. నువ్వు రా, కానీ చేతిలో పొట్లం లేకుండా రా.