ఏటా కాంపౌండ్ కొట్టి బోటు పైపూతను అరగదీయకండి

పెద్ద బోట్లున్నవాళ్లలో పాతుకుపోయిన ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఏడాదంతా బోటును పట్టించుకోరు. సీజన్‌కు ముందు నీళ్లలోంచి పైకి తీయించి, నున్నగా మెరిసేదాకా రోటరీ మెషీన్‌తో కాంపౌండ్ (పైపొరను కోసి నున్నచేసే గరుకు పేస్టు) కొట్టించి, పైన ఒక చుట్టు వ్యాక్స్ పూయించి, ఈ ఏటికి పని అయిపోయిందంటారు. మళ్లీ ఏడాదికి హల్ (బోటు బయటి ఒళ్లు) తెల్లబోతుంది, మళ్లీ కాంపౌండ్. దీన్ని సంరక్షణ అనడానికి నాకు మనసొప్పదు. కాపాడాల్సిన పొరనే ఏటా కొంత కొంత గీకి పారేస్తున్నారు.

ఫైబర్‌గ్లాస్ బోటు మీద కనిపించే రంగు పొర పేరు జెల్‌కోట్. రంగు కలిపిన రెజిన్ అది. కొత్త బోటుకు దాని మందం మామూలుగా అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు దాకా ఉంటుంది. కారు రంగు మీద ఉండే క్లియర్‌కోట్ అనే పారదర్శక పొరతో పోలిస్తే ఇది చాలా ఎక్కువే కాబట్టి ఎంత రుద్దినా ఫర్వాలేదనుకుంటారు. కానీ ఆ మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మూలల్లో, అంచుల్లో, మెట్ల మలుపుల్లో పలచబడుతుంది. రోటరీ ప్యాడ్ ఎక్కువగా ఒత్తేది కూడా అక్కడే. అరిగిన జెల్‌కోట్ తిరిగి పెరగదు. కింద ఉన్న గ్లాస్ నేత నీడలా కనబడిందంటే ఇక బఫింగ్‌తో బాగుచేసే దారి లేదు, పెయింట్ వేయాల్సిందే.

అసలు తెల్లబోవడం ఎందుకు? ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపైన రెజిన్‌ను విరగ్గొడతాయి. పట్టు తప్పిన రంగు పొడిలా రాలుతుంది. ముదురు నీలం, ఎరుపు, నలుపు హల్స్ మీద ఇది ముందుగా కంటబడుతుంది. తెల్ల హల్ మీద కూడా జరుగుతుంది, చాలాకాలం కంటికి ఆనదంతే. వ్యాక్స్ పని ఆ దెబ్బను ముందు తాను తినడం. అది అరిగిపోయేలోపు ఇంకో పొర పడాలి. పడకపోతే ఎండ నేరుగా జెల్‌కోట్ మీదికి వస్తుంది.

అందుకే మెషీన్ తీసే ముందు ఒక నల్ల గుడ్డతో హల్‌ను గట్టిగా తుడవండి. గుడ్డకు తెల్లపొడి అంటితే ఆక్సిడేషన్ (పైన చెప్పిన ఎండ దెబ్బ) ఉన్నట్టు. గుడ్డ శుభ్రంగానే ఉండి, నీళ్లు మాత్రం ముత్యాల్లా జారకుండా పలచగా పరుచుకుంటుంటే వ్యాక్స్ అయిపోయిందని అర్థం. అప్పుడు కడిగి వ్యాక్స్ పూస్తే చాలు. ఈ రెండో స్థితిలో కాంపౌండ్ కొట్టడమే నేను చెబుతున్న తప్పు, ఎక్కువ బోట్ల మీద జరిగేది కూడా అదే.

ఇంకొకటి, పైపొర జెల్‌కోటా పెయింటా అన్నది ముందే తేల్చుకోండి. ఆల్‌గ్రిప్ లాంటి రెండు భాగాల లీనియర్ పాలీయూరెథేన్ పెయింట్‌కు మెరుపంతా పైన ఉండే పలచని రెజిన్ పొరలోనే ఉంటుంది. గరుకు కాంపౌండ్‌తో దాన్ని చీల్చారంటే మెరుపు తాత్కాలికంగా వచ్చినట్టు కనిపించి, త్వరలో మునుపటికన్నా మసకబారుతుంది. వాటికి పెయింట్ తయారీదారు చెప్పిన పాలిమర్ సీలర్ మాత్రమే వాడాలి.

ఇప్పుడు పని వరుస. మొదట కడగడం. మామూలు రోజుల్లో పిహెచ్ న్యూట్రల్ బోట్ సోపే. గిన్నెలు తోమే సోపు వ్యాక్స్‌ను కూడా లాగేస్తుంది, కాబట్టి కొత్త వ్యాక్స్ వేసే రోజున తప్ప దాని జోలికి పోవద్దు. తర్వాత మరకలు. వాటర్‌లైన్ దగ్గర పట్టే పసుపు గోధుమ చార, స్టీలు ఫిట్టింగుల కింద కారిన తుప్పు, ఈ రెండూ ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న క్లీనర్‌తో కరిగిపోతాయి. జెల్ రకమైతే నిలువు గోడ మీద జారకుండా నిలుస్తుంది. కొన్ని నిమిషాలు ఉంచి, ఆరిపోకముందే ధారాళంగా నీళ్లు కొట్టాలి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. మరకను రసాయనం తీయగలిగినప్పుడు కాంపౌండ్‌తో రుద్ది తీయడమంటే ఉత్తపుణ్యానికి జెల్‌కోట్ పోగొట్టుకోవడం.

ఆక్సిడేషన్ ఉన్న బోటైతే కడిగాక పాత వ్యాక్స్, సిలికాన్ అవశేషాలు పోవడానికి డీవ్యాక్సర్‌తో తుడవాలి. ఒక చేతిలో తడి గుడ్డ, ఇంకో చేతిలో పొడి గుడ్డ. తడిదానితో కరిగించిన వెంటనే పొడిదానితో ఎత్తేయాలి, గుడ్డల మడతలు తరచూ మార్చాలి. ఒకే గుడ్డతో లాగితే మైనం ఇక్కణ్నించి అక్కడికి పూసినట్టే. అప్పుడు ప్యాడ్ పట్టు దొరకక జారుతుంది, కాంపౌండ్ పనిచేయడం లేదని ఇంకా గరుకుదానికి పోతారు.

టెస్ట్ ప్యాచ్ వేయకుండా ఎవరూ మొదలుపెట్టొద్దు. బాగా ఎండ తగిలిన చోట 60 సెంటీమీటర్ల చదరం టేపుతో గీసుకోండి. ముందు ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్. అది చాలకపోతే మీడియం కాంపౌండ్. అదీ చాలకపోతే ఊలు ప్యాడ్, హెవీ కట్ కాంపౌండ్. చివరికి కూడా సుద్దలాగే ఉంటే అప్పుడే 1000 నంబరు తడి ఇసుక కాగితం, ఆ గీతలు పోవడానికి 1500, 2000. అతి తక్కువ గరుకుతో ఎక్కడ పని జరిగితే అక్కడ ఆగండి, బోటు మొత్తానికీ అదే పద్ధతి.

లెక్క వేసుకుంటే పెద్ద బోటు ఓపిక ఎంత అడుగుతుందో తెలుస్తుంది. 12 మీటర్ల బోటుకు నీటిపైన హల్ ఎత్తు సగటున 1.3 మీటర్లు అనుకుందాం. రెండు పక్కలు కలిపి సుమారు 31 చదరపు మీటర్లు, 4 మీటర్ల వెడల్పున్న ట్రాన్సమ్, అంటే వెనక గోడతో కలిపి 36 పైచిలుకు. 60 సెంటీమీటర్ల చదరాలుగా చూస్తే దాదాపు 100. ఒక్కోదానికి 4 నిమిషాలు పట్టినా ఒక్క కాంపౌండ్ దశకే ఆరున్నర గంటల పైమాటే. ప్యాడ్లు మార్చడం, నిచ్చెన జరపడం, డెక్, క్యాబిన్ ఇందులో లేవు. తర్వాత పాలిష్ దశకు మళ్లీ దాదాపు అంతే. మిషన్‌కు స్పీడు పెంచితే ఈ గంటలు తగ్గవు. కాంపౌండ్ అవసరమే రాకుండా చూసుకుంటేనే తగ్గుతాయి.

అవసరం నిజంగా వచ్చినప్పుడు మాత్రం సరిగా చేయండి. రోటరీ వేగం నిమిషానికి 1000 నుంచి 1500 చుట్ల మధ్య చాలు. కాంపౌండ్ మూడు నాలుగు చుక్కలు హల్ మీద పెట్టి, మెషీన్ ఆపి ఉండగానే ప్యాడ్‌తో పులిమి, తర్వాత స్విచ్ వేయండి. లేకపోతే పక్క బోటు దాకా చిందుతుంది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ప్రతి గీత ముందుదాన్ని సగం కప్పేలా నాలుగు నుంచి ఆరు విడతలు. ప్యాడ్ ఎప్పుడూ కదులుతూ ఉండాలి. అరచేయి ఆనించలేనంత వేడెక్కితే ఆపండి. అంచులకు, రబ్ రెయిల్‌కు (పక్కల చుట్టూ ఉండే రాపిడి పట్టీ), స్టిక్కర్లకు టేపు వేయండి, మూలల్లో చేత్తోనే చేయండి. ఊలు ప్యాడ్‌ను ఒకటి రెండు చదరాలకోసారి స్పర్‌తో (పళ్ల చక్రమున్న ప్యాడ్ క్లీనర్) విప్పదీయాలి. కాంపౌండ్ గడ్డకట్టిన ప్యాడ్ కోయదు, వేడి పుట్టిస్తుంది, గీతలు పెడుతుంది. బోటుకంతటికీ ఒక్క ప్యాడ్‌తో సరిపెట్టేవాళ్లు మెషీన్‌ను తిట్టడం అన్యాయం.

ముదురు రంగు హల్ అయితే రోటరీ వదిలిన చక్రాల్లాంటి గీతలు ఎండలో నిలబడి కనిపిస్తాయి. వాటికి డ్యుయల్ యాక్షన్ పాలిషర్ (తిరుగుతూనే ఊగే మెషీన్), ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్. చేశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడిచి, టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. కాంపౌండ్‌లోని నూనెలు గీతల్ని కప్పేసి మోసం చేస్తాయి. ఆ నూనె తుడిచాక ఉన్నదే అసలు ఫలితం.

వ్యాక్స్ దగ్గర అందరూ చేసే పొరపాటు ఎక్కువ పూయడం. మందంగా పూసిన వ్యాక్స్ ఎక్కువ రోజులు ఉండదు, తుడవడానికి మాత్రం ప్రాణం తీస్తుంది. డ్యుయల్ యాక్షన్ మెషీన్ తక్కువ వేగంలో, మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో కనీకనిపించనంత పలచగా పూయండి. ఇద్దరుంటే పని సగానికి పైగా తేలిక. ఒకరు పూస్తూ ముందుకు పోతే, రెండోవాళ్లు వెనకాల పొగలా మసకెక్కిన చోటల్లా మైక్రోఫైబర్‌తో తుడుస్తూ రావాలి. ఎండ పడుతున్న పక్క ముట్టుకోవద్దు, నీడ ఎటుంటే అటు. ఎక్కడైనా గట్టిపడిపోయి రాకపోతే దాని మీదే కొంచెం తాజా వ్యాక్స్ రాయండి, మెత్తబడుతుంది, వెంటనే తుడిచేయండి. మంచు పడిన తడి మీద పూస్తే పట్టదు. నేల మీద పడిన గుడ్డ మళ్లీ హల్ మీదికి రాకూడదు, ఒక్క ఇసుక రేణువు చాలు గీత పడడానికి.

ఏ వ్యాక్స్ అన్న వాదన నాకు అంత ముఖ్యంగా అనిపించదు. కార్నాబా (తాటి జాతి చెట్టు మైనం) మంచి నిగారింపు ఇస్తుంది కానీ వేడి ఎండలో కొన్ని నెలలే. పాలిమర్ సీలెంట్ ఇంకాస్త నిలుస్తుంది, పెద్ద బోటుకు నా ఓటు దానికే. సిరామిక్ కోటింగ్ వాటికన్నా ఎక్కువ కాలం ఉంటుంది. అయితే కింద ఉన్న మసకను, గీతల్ని అలాగే మూసి ఉంచుతుంది, సరిదిద్దాలంటే కోటింగ్‌నే గీకి తీయాలి. సిద్ధం చేసిన ఉపరితలం మీద తప్ప అది దండగ.

బోటంతటికీ ఒకే లెక్క పెట్టుకోవద్దు. క్యాబిన్ పైకప్పు, ముందు డెక్‌లోని నున్నటి భాగాలు నేరుగా ఎండను తింటాయి, వాటికి ఏడాదికి మూడు నాలుగు సార్లు వ్యాక్స్ పడాలి. ఎగ్జాస్ట్ మసి పట్టే ట్రాన్సమ్‌కూ అంతే. హల్ పక్కలకు రెండుసార్లు సరిపోతుంది. మధ్యలో నెల, నెలన్నరకోసారి కడిగినప్పుడు స్ప్రే సీలెంట్ కొట్టి తుడవండి. ఫెండర్లు (ఒడ్డుకు తగలకుండా పక్కన వేలాడదీసే మెత్తలు) రుద్దుకునే చోట మెరుపు ముందుగా పోతుంది, కాబట్టి వాటికి గుడ్డ తొడుగులు వేయండి, ఇసుక పడితే ఉతకండి.

నడిచే నాన్‌స్కిడ్ (జారకుండా గరుకుగా చేసిన) డెక్ మీద, మెట్ల మీద వ్యాక్స్ పూయొద్దు, కాలు జారితే ప్రాణాల మీదికి వస్తుంది. వాటికి జారని రకం డెక్ పాలిష్ వేరే ఉంటుంది. టేకు చెక్క, పారదర్శక వినైల్ కిటికీలు, నీటికింద నాచు, గుల్లలు పట్టకుండా వేసే యాంటీఫౌలింగ్ పెయింట్ కూడా వ్యాక్స్‌కు దూరం. ఒడ్డున పనిచేస్తుంటే నిచ్చెనను తడి హల్‌కు ఆనించే బదులు రెండు ట్రెజిల్స్ (కాళ్ల స్టాండ్లు) మధ్య పలక వేసుకోండి. బోటును నిలబెట్టిన స్టాండ్లను ఎంత అడ్డొచ్చినా మీ చేత్తో కదపొద్దు, వాటికి టార్పాలిన్ కట్టొద్దు. జరపాల్సి వస్తే యార్డు మనిషినే పిలవండి. నీళ్ల మీద పనిచేస్తుంటే బ్యాటరీ మెషీన్ తప్ప వైరు మెషీన్ వద్దు.

చివరిగా, బోటు లాగ్ పుస్తకంలో దీనికి ఒక పేజీ పెట్టండి. ఏ తేదీన ఏ పక్క, ఏ ప్యాడ్, ఏ కాంపౌండ్, ఎన్ని విడతలు, ఏ సీలెంట్ అన్నీ రాయండి. అయస్కాంత మందం మీటరు ఫైబర్‌గ్లాస్ మీద పనిచేయదు, అల్ట్రాసోనిక్ రకం కావాలి, అది అందరి దగ్గరా ఉండదు. కాబట్టి ఈ పొర ఎన్నిసార్లు కోతపడిందో తర్వాత పనిచేసేవాళ్లకు చెప్పేది ఆ పేజీ ఒక్కటే. బోటు అమ్మేటప్పుడు దాన్ని కూడా కొనేవాళ్ల చేతికివ్వండి.