వేరు చేసింది మళ్ళీ కలపడానికేనా?

రోజూ పొద్దున్నే కూరగాయల తొక్కలు ఒక బుట్టలో, కడిగి ఆరబెట్టిన పాల సంచులు మరొక బుట్టలో, గడువు తీరిన మందులు విడిగా పొట్లం కట్టి పెడతాను. చెత్త బండి వస్తుంది. మూడూ ఒకే గుట్టలో పడతాయి. నా కళ్ళ ముందే! ఎందుకీ శ్రమ?

తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయాలని 2016లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. మరి బండిలో అరలు ఎందుకు లేవు? ఆ కార్మికుడిని ఏమనగలం? పాపం, అతని చేతులకు తొడుగులు కూడా లేవు.

ప్లాస్టిక్ సంగతీ అంతే. స్ట్రాలు, చెంచాలు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి నిషిద్ధం. 120 మైక్రాన్ల కన్నా పలుచని సంచులు ఆ ఏడాది చివరి నుంచి కూడదన్నారు. అయినా ఎక్కడ ఆగాయి? తోపుడు బండి మీద కూరలమ్మే ముసలమ్మ దగ్గర సంచులు లాక్కుని జరిమానా వేస్తారు. వాటిని టన్నులకొద్దీ తయారుచేసే కర్మాగారం ఎవరి కంటా పడదా?

వాన పడితే అవే సంచులు కాలువకు అడ్డం. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. అప్పుడు పరుగెత్తుకొచ్చి పూడిక తీస్తారు, తీసి గట్టు మీదే పోస్తారు! మరో వానకు అది మళ్ళీ కాలువలోకే. ఎన్నేళ్ళు ఇలా? నిన్న కూడా తీశారు. కుప్ప అక్కడే ఉంది. ఇవాళ మబ్బు పట్టింది.