సోవియట్ పాస్‌పోర్టు గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ సోవియట్ అంతర్గత పాస్‌పోర్టు గారి సముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

తమరికి గుర్తుండదు గానీ మనది పాత పరిచయమే. 1973లో నేను నాలుగో తరగతి. మా ఇంటికి ‘సోవియట్ భూమి’ పత్రిక వచ్చేది. నాన్న చదవడం అయ్యాక ఆ నున్నటి కాగితాలతో పుస్తకాలకు అట్టలు వేసుకునేవాణ్ణి. లెక్కల పుస్తకం అట్ట మీద ఒకావిడ. తలకు పూల రుమాలు, రెండు చేతుల నిండా గోధుమ వెన్నులు. నాకు ఎక్కాలు రానప్పుడల్లా ఆవిడ నవ్వుతూనే ఉండేది. ఆ పొలం ఎవరిదని అడిగితే నాన్న ‘‘అందరిదీ’’ అనేవాడు. మా ఊళ్లో ఏ పొలం ఎవరిదని అడిగినా ఒక్క పేరే వినపడేది కాబట్టి, ఆ మాట చెవికి ఎంతో ఇంపుగా ఉండేది.

పెద్దయ్యాక తమరి జాతకం చదివాను. 1932 డిసెంబరు 27న పుట్టారు. పట్నం వాళ్ల జేబుల్లో చేరారు. ఉమ్మడి పొలాల రైతుల దగ్గరికి మాత్రం వెళ్లలేదు. తమరు లేనిదే పట్నంలో కాపురం లేదు, ఉద్యోగం లేదు. ఊరు దాటాలంటే గ్రామ సోవియట్, అంటే అక్కడి పంచాయతీ, చీటీ రాసివ్వాలి. అంతకు ముందు కొల్హోజ్ (ఉమ్మడి వ్యవసాయ సంఘం) ఛైర్మన్ మనసు కరగాలి. 1935లో ఆ పొలాలను కొల్హోజ్‌లకు ‘శాశ్వతంగా’ రాసిచ్చారు. భూమి రైతుకు శాశ్వతం అని కాగితం చెప్పింది. రైతు భూమికి శాశ్వతం అన్న సంగతి తమరు చూసుకున్నారు.

ఈ విద్య తమరు కనిపెట్టింది కాదు లెండి. ఒకప్పుడు అక్కడి రైతు నవంబరు 26న, సెయింట్ జార్జి పండక్కి అటో వారం ఇటో వారం, బాకీలు తీర్చేసి ఇంకో దొర దగ్గరికి పోవచ్చు. 1649 చట్టంతో ఆ దారి పూర్తిగా మూసేశారు. 1861లో జార్ చక్రవర్తి ఆ వెట్టిని రద్దు చేసి తలుపు తీశాడు. 71 ఏళ్లకు తమరొచ్చి గొళ్లెం పెట్టారు.

అన్యాయంగా మాట్లాడకూడదు. దొర మనిషిని పెళ్లాం పిల్లలతో సహా అమ్ముకునేవాడు. ఛైర్మన్ ఎవర్నీ అమ్మలేదు. పైగా బడి పెట్టారు, ఆ బడిలో చదివిన పిల్లలు ఇంజనీర్లయ్యారు. సైన్యంలోకి వెళ్లిన కుర్రాడు తిరిగొచ్చేటప్పుడు ఎలాగోలా తమరిని సంపాదించి పట్నంలోనే దిగిపోయేవాడు. సొంత ఊరి నుంచి తప్పించుకోవడానికి పట్టాళంలో చేరే భూస్వాములను ఇంకెక్కడైనా చూశారా?

కూలి సంగతి ఇంకా తమాషా. వారానికి మూడు రోజులు దొర పొలం, మిగతా రోజులు నీ పొలం అని 1797లో జార్ పావెల్ చెప్పాడు, ఎంతమంది దొరలు విన్నారన్నది వేరే కథ. కొల్హోజ్‌లో డబ్బులుండవు, పద్దు పుస్తకంలో ‘పనిదినం’ గీత పడుతుంది. సర్కారు వాటా, విత్తనాలు, ట్రాక్టర్ల బాకీ పోయాక ఏడాది చివర్లో గింజలేమైనా మిగిలితే ఆ గీతల లెక్కన పంపకం. మిగిలితే! ఆకలికి ఆగలేక పొలంలో వెన్నులు ఏరుకుంటే, 1932 ఆగస్టు 7 చట్టం ప్రకారం పదేళ్లు జైలు, లేదా తుపాకీ గుండు. అవే వెన్నులు, మా అట్ట మీద ఆవిడ చేతుల్లో ఉన్నవి. తన పొలంలో తనే దొంగ కాగలగడం మామూలు యజమానికి దక్కే భాగ్యం కాదు. కమ్యూనిస్టు పార్టీ పేరులోని పొడి అక్షరాలను అక్కడి పల్లెల్లో ‘రెండో వెట్టి’ అని అర్థం వచ్చేలా విడదీసి చదువుకునేవారు. రష్యన్‌లో అక్షరాలు భలే అతికాయి.

చివరికి 1974 ఆగస్టులో, రైతులకు కూడా తమరిని ఇవ్వాలని తీర్మానించారు. పంపకం 1976లో మొదలుపెట్టి 1981 దాకా లాగారు.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, మొన్న అటక దులుపుతుంటే ఆ లెక్కల పుస్తకం దొరికింది. అట్ట అంచులు చెదలు తిన్నాయి గానీ ఆవిడ అలాగే ఉంది. ముందు కట్టుకున్న గుడ్డకు పెద్ద జేబు, ఉబ్బెత్తుగా ఉంది. 1973 నాటి బొమ్మ కాబట్టి అందులో ఉన్నది తమరు కాకపోవచ్చు. చీటీయా, రొట్టెముక్కా? తెలిస్తే జవాబు రాయగలరు.

ఇట్లు,
పాత అట్టల పిల్లాడు